ప్రజాస్వామ్యాన్వేషి జయప్రకాశ్ నారాయణ్

స్వాతంత్ర్య సమరంలో పాల్గొన్న నాయకులలో పలువురు 1947 తరువాత పరిపాలనా బాధ్యతలు స్వీకరించారు. మరికొందరు ప్రతిపక్షంలో నిలిచి ప్రభుత్వాన్ని ప్రశ్నించారు. ఈ రెండు మార్గాలనూ విడిచి, మనం ఎంచుకొన్న పరిపాలనా విధానం ప్రజలకు నిజంగా అధికారాన్ని ఇస్తున్నదా అని జీవితాంతం విచారణ చేసినవారు బహు కొద్దిమంది. ఆ కొద్దిమందిలో అగ్రగణ్యుడు జయప్రకాశ్ నారాయణ్. ఎన్నికల ప్రజాస్వామ్యంలోని లోపాలను ఆయన నిర్మొహమాటంగా ఎత్తిచూపాడు. ఆ ప్రజాస్వామ్యమే ప్రమాదంలో పడినప్పుడు దానికోసం వృద్ధాప్యంలో, అనారోగ్యంతో చెరసాలకు వెళ్ళినవాడు కూడా ఆయనే. విమర్శించిన దానినే రక్షించడానికి పూనుకొనడం పైకి వైరుధ్యంగా కనిపిస్తుంది. అది వైరుధ్యం కాదని ఆయన జీవితమే నిరూపిస్తుంది.

జయప్రకాశ్ 1902 అక్టోబరు 11న గంగా సరయూ నదుల సంగమ ప్రాంతంలోని సితాబ్‌దియారా గ్రామంలో జన్మించాడు. తండ్రి హర్సూదయాళ్ కాలువల శాఖలో ఉద్యోగి. తల్లి ఫూల్‌రాణీదేవి. బాల్యంలోనే చదువుకోసం పాట్నా చేరిన జయప్రకాశ్ మేధావి అయిన విద్యార్థిగా పేరు తెచ్చుకొన్నాడు. 1920లో ఆయనకు ప్రభావతీదేవితో వివాహం జరిగింది. ఆమె చంపారన్ ఉద్యమంలో గాంధీజీకి తోడుగా నిలిచిన న్యాయవాది బ్రజకిశోర్ ప్రసాద్ కుమార్తె.

అవి సహాయ నిరాకరణోద్యమం దేశాన్ని ఊపివేస్తున్న రోజులు. ప్రభుత్వ విద్యాలయాలను విడిచిపెట్టవలసిందిగా మౌలానా అబుల్ కలాం ఆజాద్ పాట్నాలో ఇచ్చిన పిలుపు జయప్రకాశ్ హృదయాన్ని కదిలించింది. పరీక్షలు సమీపించి ఉన్నా లెక్కచేయక 1921లో ఆయన కళాశాలను వదలి జాతీయ విద్యాసంస్థ అయిన బీహారు విద్యాపీఠంలో చేరాడు. అక్కడ పై చదువులకు అవకాశం లేకపోయింది. ప్రభుత్వ ధనంతో నడిచే విశ్వవిద్యాలయంలో చేరడానికి మనసు అంగీకరించలేదు. కష్టించి సంపాదించుకొంటూ చదువుకొనే వీలున్నదని విని 1922లో ఆయన అమెరికాకు ప్రయాణమయ్యాడు.

అమెరికాలో గడిచిన ఏడేళ్ళు ఆయనకు మరో విద్యాలయమైనాయి. కాలిఫోర్నియా ద్రాక్షతోటలలో కూలిపని చేశాడు. పండ్లను ఎండబెట్టి పెట్టెలకెత్తాడు. భోజనశాలలలో గిన్నెలు కడిగాడు. కర్మాగారాలలో పనిచేశాడు. కాయకష్టం చేసే మనిషికి సమాజం ఇచ్చే విలువ ఏపాటిదో ఆయన గ్రంథాలలో చదివి తెలుసుకోలేదు, అనుభవించి తెలుసుకొన్నాడు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఉన్నప్పుడు మార్క్సు సిద్ధాంతం ఆయనను ఆకర్షించింది. విజ్ఞానశాస్త్రం నుండి సమాజశాస్త్రానికి మరలి, ఒహాయో విశ్వవిద్యాలయం నుండి ఎం.ఏ. పట్టం పొందాడు. 1929లో స్వదేశానికి తిరిగివచ్చేనాటికి ఆయన దృఢమైన సామ్యవాది. ఇక్కడ ప్రభావతీదేవి సబర్మతీ ఆశ్రమంలో గాంధీజీ, కస్తూరిబాల సన్నిధిలో పెరిగి బ్రహ్మచర్యవ్రతం స్వీకరించి ఉన్నది. భర్త ఆమె వ్రతాన్ని గౌరవించాడు. ఒకరు మార్క్సును, మరొకరు గాంధీని అనుసరించినా, ఆ దాంపత్యం పరస్పర గౌరవంతో చివరిదాకా సాగింది.

జవహర్‌లాల్ నెహ్రూ ఆహ్వానంపై జయప్రకాశ్ కాంగ్రెసులో చేరి కార్మిక విభాగాన్ని నిర్వహించాడు. శాసనోల్లంఘన ఉద్యమంలో అరెస్టయి 1932లో నాసిక్ జైలుకు వెళ్ళాడు. అక్కడ సమాన భావాలుగల యువకులతో జరిపిన చర్చల ఫలితంగా 1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ ఆవిర్భవించింది. ఆచార్య నరేంద్రదేవ్ వంటి విద్వాంసుల అండతో జయప్రకాశ్ దానికి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. భూమి దున్నేవానికి చెందాలని, ప్రధాన పరిశ్రమలు సమాజం చేతిలో ఉండాలని ఆనాడు ఆయన విశ్వసించాడు. రాజ్యాధికారాన్ని చేజిక్కించుకొంటే సమాజాన్ని మార్చవచ్చునన్నది ఆనాటి ఆయన దృఢాభిప్రాయం.

క్విట్ ఇండియా ఉద్యమకాలంలో జయప్రకాశ్ హజారీబాగ్ కేంద్ర కారాగారంలో ఉన్నాడు. 1942 నవంబరులో దీపావళి రాత్రి, తోటి ఖైదీలు పండుగ సంబరాలతో కాపలావారి దృష్టిని మరలుస్తుండగా, ఆయన ఐదుగురు సహచరులతో కలిసి ధోవతులను ముడివేసిన త్రాడుతో ఎత్తైన ప్రహరీని దాటి తప్పించుకొన్నాడు. ఆ ఒక్క సాహసంతో ఆయన దేశమంతటా యువకుల ఆరాధ్యనాయకుడైనాడు. నేపాల్ అడవులలో రహస్యంగా యువదళాలకు శిక్షణ ఇచ్చాడు. 1943 సెప్టెంబరులో రైలులో ప్రయాణిస్తుండగా పోలీసులకు చిక్కి, లాహోరు కోటలో చిత్రహింసలకు గురి అయ్యాడు. 1946 ఏప్రిల్‌లో గాని ఆయనకు విముక్తి లభించలేదు.

స్వాతంత్ర్యం వచ్చింది. 1948లో సోషలిస్టులు కాంగ్రెసు నుండి విడివడి స్వతంత్ర పార్టీగా నిలిచారు. 1951-52లో జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలు జయప్రకాశ్ ఆలోచనలను మలుపు త్రిప్పాయి. కాంగ్రెసుకు దేశం మొత్తంమీద 45 శాతం ఓట్లు వచ్చాయి. లోక్‌సభలోని 489 స్థానాలలో 364 స్థానాలు దక్కాయి. సోషలిస్టులకు పదిన్నర శాతం ఓట్లు వచ్చినా లభించిన స్థానాలు 12 మాత్రమే. మూడు శాతానికి కొంచెం మించి ఓట్లు పొందిన కమ్యూనిస్టు పార్టీ 16 స్థానాలు గెలుచుకొన్నది. ఒక నియోజకవర్గంలో అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుపొందే పద్ధతిలో, దేశమంతటా పలచగా పరచుకొన్న ఓట్లకు విలువ తగ్గుతుంది, ఒకచోట గుమిగూడిన ఓట్లకు విలువ పెరుగుతుంది. సగానికి పైగా ఓటర్లు కాదన్న పక్షానికి మూడువంతుల స్థానాలు దక్కవచ్చు. ఇది ఎవరో చేసిన మోసం కాదు. ఆ విధానపు గణితమే అటువంటిది.

ఓటమి ఎదురైనప్పుడు నాయకులు సాధారణంగా వచ్చే ఎన్నికలకు సిద్ధపడతారు. జయప్రకాశ్ ఆత్మపరిశీలనకు పూనుకొన్నాడు. 1952లో పూనాలో 21 రోజుల ఉపవాసదీక్ష చేశాడు. మనిషి ఎందుకు మంచివాడుగా ఉండాలి అన్న ప్రశ్నకు భౌతికవాదం సమాధానం చెప్పలేదని ఆయనకు తోచింది. మరుసటి ఏడాది నెహ్రూ ఆయనను ప్రభుత్వంతో సహకరించవలసిందిగా ఆహ్వానించాడు. జయప్రకాశ్ 14 అంశాల కార్యక్రమాన్ని షరతుగా ముందుంచాడు. చర్చలు ఫలించలేదు. పదవికోసం కార్యక్రమాన్ని విడువడానికి ఆయన సిద్ధపడలేదు.

ఆ కాలంలోనే తెలుగునేల మీద ఒక నూతన ఘట్టం ఆరంభమైంది. 1951 ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాల భూమిని హరిజనులకోసం దానమివ్వగా, ఆచార్య వినోబాభావే భూదానోద్యమానికి శ్రీకారం చుట్టాడు. చట్టంవల్ల గాని సాయుధ పోరాటంవల్ల గాని తప్ప భూమి చేతులు మారదని అందరూ నమ్ముతున్న సమయంలో హృదయ పరివర్తనంవల్ల కూడా అది సాధ్యం కావచ్చునన్న ఆశ కలిగింది. ఆ ఆశ జయప్రకాశ్‌ను ఆకర్షించింది. 1954లో బోధ్‌గయలో జరిగిన సర్వోదయ సమ్మేళనంలో ఆయన తన జీవితాన్నే దానం చేస్తున్నట్లు ప్రకటించాడు. 1957లో పార్టీ రాజకీయాలనుండి పూర్తిగా విరమించుకొన్నాడు.

పార్టీని విడిచినా జయప్రకాశ్ రాజకీయచింతనను విడువలేదు. 1959లో భారత రాజ్యవ్యవస్థ పునర్నిర్మాణాన్ని కోరుతూ ఒక సుదీర్ఘమైన ప్రతిపాదన వెలువరించాడు. అందులో ఆయన మొదట వ్యాధి నిదానం చేశాడు. పాశ్చాత్య దేశాలనుండి మనం గ్రహించిన పార్లమెంటరీ విధానంలో పౌరుడు ఒంటరివాడు. కుటుంబం, గ్రామం, వృత్తి మొదలైన సహజ సంబంధాలనుండి విడదీయబడి, ఐదేళ్ళకొకసారి ఓటుగా మాత్రమే లెక్కింపబడతాడు. అభ్యర్థిని ఎంపికచేసేది అతడు కాదు, పార్టీ. ఆ పార్టీని నడిపేది పిడికెడు మంది. వారిని నిలిపేది ఎన్నికల ధనం. ఓట్లకోసం పార్టీలు ప్రజలను చీలుస్తాయి, అసాధ్యమైన వాగ్దానాలు చేస్తాయి. గెలిచిన తరువాత అధికారమంతా రాజధానిలో కేంద్రీకృతమవుతుంది. ఓటు వేసిన మనిషి తన ఊరి బావికోసం, బడికోసం ఎక్కడో ఉన్న అధికారికి అర్జీ పెట్టుకొంటాడు. ఇందులో ప్రజలున్నారు గాని ప్రజల పాలన లేదన్నది జయప్రకాశ్ సారాంశం.

అనంతరం ఆయన చికిత్సను ప్రతిపాదించాడు. పాలన పైనుండి క్రిందికి దిగరాదు. క్రిందినుండి పైకి ఎదగాలి. గ్రామంలోని వయోజనులందరూ కూర్చునే గ్రామసభ దానికి పునాది. గ్రామసభ తన పంచాయతీని ఏర్పరచుకొంటుంది. పంచాయతీలు కలిసి సమితిని, సమితులు కలిసి జిల్లా పరిషత్తును, అవి కలిసి రాష్ట్ర, జాతీయ సభలను నిర్మిస్తాయి. ప్రతి అంతస్తులోనూ ఆ అంతస్తు చేయగలిగిన పనులన్నీ దాని అధీనంలోనే ఉండాలి. అది చేయలేని పనులను మాత్రమే పైసభకు అప్పగించాలి. ఎన్నికలలో పార్టీల జోక్యం ఉండరాదు. నిర్ణయాలు వీలైనంతవరకు ఏకాభిప్రాయంతో జరగాలి. అనంతర కాలంలో ఆయన ఈ ప్రణాళికను కొంత సవరించుకొన్నాడు. గ్రామసభల ప్రతినిధులతో కూడిన మండలి అభ్యర్థులను నిలుపవలెనని, వారిలోనుండి ప్రజలే ఓటుద్వారా ఎన్నుకోవలెనని సూచించాడు.

అది పంచాయతీరాజ్ వ్యవస్థకు అంకురార్పణ జరుగుతున్న కాలం. బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో మూడంచెల స్థానిక పాలనను సిఫారసు చేసింది. 1959లో రాజస్థాన్ మొదట, ఆంధ్రప్రదేశ్ ఆ వెంటనే దానిని అమలులోనికి తెచ్చాయి. జయప్రకాశ్ దీనిని స్వాగతించాడు. అయితే ప్రభుత్వ పథకాలను అమలుపరచే శాఖగా పంచాయతీ మిగిలిపోరాదని, స్వంత ఆదాయమూ స్వంత నిర్ణయాధికారమూ గల స్వపరిపాలనా సంస్థ కావాలని ఆయన పట్టుబట్టాడు.

ఈ ప్రతిపాదనపై తీవ్రమైన విమర్శలు వచ్చాయి. వాటిలో బలమున్నది. మన గ్రామం ఆయన ఊహించినంత సామరస్యం గలది కాదు. కులమూ భూస్వామ్యమూ గ్రామాన్ని నిలువునా చీల్చి ఉన్నాయి. గ్రామాన్ని రాజ్యాంగానికి మూలాంగంగా గ్రహించడాన్ని డాక్టర్ అంబేద్కర్ 1948లోనే రాజ్యాంగసభలో తీవ్రంగా నిరసించి ఉన్నాడు. పెద్దకమతాల రైతు ఎదుట కూలివాడు నోరు మెదపలేని చోట ఏకాభిప్రాయమంటే పెద్దల అభిప్రాయమే అవుతుంది. రహస్య ఓటు కొంతవరకైనా అతనికి రక్షణ. పరోక్ష ఎన్నికలలో ఓటర్ల సంఖ్య తగ్గుతుంది గనుక వారిని ప్రలోభపెట్టడం సులభమవుతుంది. పార్టీలు లేకపోతే ప్రభుత్వాన్ని వ్యవస్థితంగా ప్రశ్నించేవారు ఎవరన్నది మరొక ప్రశ్న.

పొరుగుదేశాల అనుభవం ఈ భయాలను బలపరచింది. అదే 1959లో పాకిస్తాన్ సైనిక పాలకుడు అయూబ్‌ఖాన్ మౌలిక ప్రజాస్వామ్యమనే పేరుతో ఒక విధానం ప్రవేశపెట్టాడు. స్థానికంగా ఎన్నికైన 80,000 మంది సభ్యులే అధ్యక్షుని ఎన్నుకొనే ఓటర్లైనారు. 1960లో నేపాల్ రాజు మహేంద్ర ఎన్నికైన ప్రధాని బి.పి. కొయిరాలాను బంధించి, 1962లో పార్టీరహిత పంచాయతీ విధానాన్ని నెలకొల్పాడు. కొయిరాలా భారతదేశ సోషలిస్టులతో కలిసి పనిచేసినవాడు, జయప్రకాశ్‌కు ఆత్మీయుడు. రెండు దేశాలలోనూ పైకి గ్రామసభలే కనిపించాయి. లోపల నిరంకుశత్వం నిలిచింది. ప్రజలు స్వచ్ఛందంగా పార్టీలను అధిగమించడం వేరు, పాలకుడు పార్టీలను నిషేధించడం వేరు. జయప్రకాశ్ కోరినది మొదటిది. మాట్లాడే స్వేచ్ఛ, సంఘటితమయ్యే స్వేచ్ఛ లేనిదే ఏ ప్రత్యామ్నాయమైనా పాలకుల చేతిలో పనిముట్టు కాగలదన్న పాఠాన్ని ఈ అనుభవాలు చాటిచెప్పాయి.

సిద్ధాంతానికి ఆచరణ ద్వారా పరీక్ష పెట్టడం జయప్రకాశ్ స్వభావం. 1964లో నాగాలాండ్‌లో శాంతిస్థాపనకు ఏర్పడిన బృందంలో ఆయన సభ్యుడైనాడు. 1965లో ప్రజాసేవకు గాను రామన్ మెగసెసే పురస్కారం ఆయనకు లభించింది. 1966-67లో బీహారును కరవు పీడించినప్పుడు సహాయ కార్యక్రమాలకు నాయకత్వం వహించాడు. 1970లో ముజఫర్‌పూర్ జిల్లా ముసహరీ ప్రాంతంలో సర్వోదయ కార్యకర్తలకు నక్సలైట్లనుండి ప్రాణభయం ఏర్పడిందని తెలిసి, అక్కడికే వెళ్ళి నివాసమున్నాడు. ఇంటింటికి తిరిగి చూడగా ఆయనకు కఠోరసత్యం ఎదురైంది. కాగితాలమీద దానమైన భూమి చాలాచోట్ల పేదల చేతికి చేరలేదు. చట్టంలో ఉన్న కనీసవేతనం పొలంలో లేదు. హింసకు మూలం ఈ అన్యాయంలోనే ఉన్నదని, దానిని తొలగించకుండా హింసావాదులను నిందించి ప్రయోజనం లేదని ఆయన దేశానికి విన్నవించాడు. తాము ఇన్నేళ్ళు చేసిన కృషి ఎంత అసంపూర్ణమైనదో దాచకుండా వెల్లడించాడు. 1972లో చంబల్ లోయలోని బందిపోట్లు పెద్దసంఖ్యలో ఆయన సమక్షంలో ఆయుధాలు విడిచి లొంగిపోయారు.

1973 ఏప్రిల్‌లో ప్రభావతీదేవి క్యాన్సర్ వ్యాధితో మరణించింది. ఆ వియోగం ఆయనను క్రుంగదీసింది. ఆరోగ్యం కూడా సన్నగిల్లింది. ఇక విశ్రాంతి తీసుకొంటాడని అందరూ భావించిన సమయంలో దేశం ఆయనను మళ్ళీ పిలిచింది. ధరల పెరుగుదల, నిరుద్యోగం, అవినీతి భరించలేక 1974 ఆరంభంలో గుజరాత్ విద్యార్థులు, మార్చిలో బీహారు విద్యార్థులు ఉద్యమించారు. బీహారు విద్యార్థులు తమకు నాయకత్వం వహించవలసిందిగా జయప్రకాశ్‌ను అర్థించారు. ఉద్యమం అహింసాయుతంగా ఉండాలన్న నియమంపై ఆయన అంగీకరించాడు. 1974 జూన్ 5న పాట్నా గాంధీమైదానంలో లక్షలాది ప్రజల ఎదుట సంపూర్ణ విప్లవానికి పిలుపునిచ్చాడు. ప్రభుత్వం మారితే చాలదు, సమాజం, ఆర్థికవ్యవస్థ, విద్య, సంస్కృతి, వ్యక్తి నడవడి కూడా మారాలన్నది ఆ పిలుపులోని భావం. ప్రజలు ఆయనను లోక్‌నాయక్ అని పిలుచుకొన్నారు.

ఎన్నికల విధానాన్ని సంస్కరించడం కూడా ఆ ఉద్యమ లక్ష్యాలలో ఒకటి. ఎన్నికైన ప్రతినిధి విశ్వాసం కోల్పోయినప్పుడు ఐదేళ్ళు నిండేవరకు ప్రజలు నిస్సహాయంగా చూస్తూ ఉండవలసిందేనా అని ఆయన ప్రశ్నించాడు. ప్రతినిధిని వెనుకకు పిలిచే హక్కు ఓటర్లకు ఉండాలన్నాడు. ఆయన ప్రోద్బలంతో జస్టిస్ తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఎన్నికల సంస్కరణలను పరిశీలించి 1975లో నివేదిక సమర్పించింది. ఓటుహక్కు వయసును 21 నుండి 18 సంవత్సరాలకు తగ్గించాలన్నది అందులోని సూచనలలో ఒకటి.

ఈ ఘట్టంలో కూడా జయప్రకాశ్ విమర్శలకు అతీతుడు కాలేదు. ఎన్నికైన శాసనసభను వీధులలోని ప్రదర్శనల ద్వారా రద్దుచేయించడం ప్రజాస్వామ్యమా అని పలువురు ప్రశ్నించారు. చట్టవిరుద్ధమైన ఆజ్ఞలను పాటించవద్దని పోలీసులకు, సైనికులకు ఆయన చేసిన విజ్ఞప్తి అరాజకానికి దారితీస్తుందని ప్రభుత్వం ఆరోపించింది. ఎవరికి ప్రజల మద్దతు ఉన్నదో ఎన్నికలలో తేల్చుకొందామని ప్రధాని ఇందిరాగాంధీ సవాలు చేయగా జయప్రకాశ్ దానిని స్వీకరించాడు. ఎన్నికలను అంతగా విమర్శించిన మనిషి చివరికి ఎన్నికల తీర్పుకే సిద్ధపడటం గమనింపదగినది.

1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పింది. జూన్ 25న ఢిల్లీ రాంలీలా మైదానంలో జయప్రకాశ్ బహిరంగసభలో ప్రసంగించాడు. ఆ రాత్రే దేశంలో అత్యవసర పరిస్థితి విధింపబడింది. తెల్లవారకముందే గాంధీ శాంతి ప్రతిష్ఠానంలో నిద్రిస్తున్న ఆయనను పోలీసులు అరెస్టు చేశారు. విచారణ లేకుండా లక్షమందికి పైగా నిర్బంధింపబడ్డారు. పత్రికలపై ముందస్తు తనిఖీ అమలైంది. అక్రమ నిర్బంధాన్ని ప్రశ్నించే హక్కు సైతం అత్యవసర కాలంలో పౌరునికి లేదని 1976లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. లోక్‌సభ తన గడువును తానే పొడిగించుకొన్నది. ఇవన్నీ శాసనబద్ధంగానే, పార్లమెంటు ఆమోదంతోనే జరిగాయి. అధికారాన్ని కేంద్రీకరించే వ్యవస్థలో ప్రజాస్వామ్యం ఎంత సులభంగా తన రూపాన్ని నిలుపుకొంటూనే ప్రాణాన్ని కోల్పోగలదో దేశం కళ్ళారా చూసింది.

చండీగఢ్‌లో నిర్బంధంలో ఉండగా జయప్రకాశ్ దినచర్య వ్రాసుకొన్నాడు. ప్రజాస్వామ్య పరిధిని విస్తరింపజేయాలని తాను చేసిన ప్రయత్నం ఉన్న ప్రజాస్వామ్యాన్నే పోగొట్టిందేమోనని, తన అంచనాలు ఎక్కడ తప్పాయని ఆయన అందులో వేదనతో తర్కించుకొన్నాడు. శత్రువును నిందించడం సులభమైన ఆ సమయంలో తన్ను తాను ప్రశ్నించుకొన్న ధీరత ఆయనది. నిర్బంధంలోనే ఆయన మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. 1975 నవంబరులో విడుదలైన తరువాత రక్తశుద్ధి యంత్రం ఆధారంగానే ఆయన శేషజీవితం గడిచింది.

1977 జనవరిలో ఎన్నికలు ప్రకటింపబడగానే ఆ రోగపీడితుడు మళ్ళీ దేశాటనకు బయలుదేరాడు. పార్టీలను విడనాడి ఇరవై ఏళ్ళు గడిచిన మనిషి, ప్రతిపక్ష పార్టీలను జనతా పార్టీగా ఏకం కావించాడు. అప్పటికి మొదట కావలసినది స్వేచ్ఛ అని, స్వేచ్ఛ ఉంటేనే సంస్కరణకు తావుంటుందని ఆయన గ్రహించాడు. మార్చిలో వెలువడిన ఫలితాలలో కాంగ్రెసు కేంద్రంలో మొట్టమొదటిసారిగా అధికారం కోల్పోయింది. ఉత్తరాదిలో వీచిన ఆ గాలి దక్షిణాదిని తాకలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెసుకే దక్కాయి. నంద్యాలనుండి గెలిచిన నీలం సంజీవరెడ్డి ఒక్కడే ఇక్కడి జనతా సభ్యుడు. అదే సంవత్సరం ఆయన రాష్ట్రపతి అయ్యాడు.

జయప్రకాశ్ ఏ పదవినీ ఆశించలేదు. కొత్త పార్లమెంటు సభ్యులచేత రాజ్‌ఘాట్‌లో గాంధీజీ సమాధి ఎదుట సేవాప్రతిజ్ఞ చేయించాడు. ఆ ప్రతిజ్ఞ ఎంతోకాలం నిలువలేదు. నాయకుల పదవీస్పర్థలతో 1979 జూలైలో జనతా ప్రభుత్వం కూలిపోయింది. పాట్నాలోని తన ఇంటినుండి జయప్రకాశ్ ఆ పతనాన్ని మౌనంగా చూశాడు. పార్టీ రాజకీయాల గురించి 20 ఏళ్ళ క్రితం తాను చేసిన హెచ్చరిక, తాను కూర్చిన పార్టీ విషయంలోనే నిజం కావడం ఆయన జీవితంలోని విషాదం. 1979 అక్టోబరు 8న, 77వ జన్మదినానికి మూడు రోజుల ముందు, ఆయన కన్నుమూశాడు. 1999లో ప్రభుత్వం ఆయనకు మరణానంతరం భారతరత్న ప్రదానం చేసింది.

ఆయన కృషి వ్యర్థం కాలేదు. 1978లో జరిగిన 44వ రాజ్యాంగ సవరణ అత్యవసర పరిస్థితి విధింపును కఠినతరం చేసింది. ఆంతరంగిక కల్లోలమన్న అస్పష్టమైన కారణాన్ని తొలగించి సాయుధ తిరుగుబాటును ఆ స్థానంలో చేర్చింది. మంత్రిమండలి లిఖితపూర్వకమైన సలహాను తప్పనిసరి చేసింది. జీవించే హక్కును ఏ పరిస్థితిలోనూ నిలిపివేయరాదని శాసించింది. 1989లో 18 ఏళ్ళ యువతీయువకులకు ఓటుహక్కు సంక్రమించింది. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. దళితులకు, గిరిజనులకు జనాభా ప్రాతిపదికన, స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండా స్థానాలు కేటాయించి, అంబేద్కర్ చూపిన దోషానికి కొంత విరుగుడు చేసింది.

అయినా జయప్రకాశ్ వేసిన ప్రశ్నలు తీరిపోలేదు. పంచాయతీలకు నిధులు, అధికారాలు ఇచ్చే విషయంలో రాష్ట్రాలు నేటికీ వెనుకాడుతూనే ఉన్నాయి. తక్కువ ఓట్లతో ఎక్కువ స్థానాలు పొందే గణితం మారలేదు. పార్టీలకు ధనం ఎక్కడినుండి వస్తున్నదో తెలుసుకొనే హక్కు ఓటరుకు ఉన్నదని చెప్పి, దాతల పేర్లను గుప్తంగా ఉంచే ఎన్నికల బాండ్ల పథకాన్ని సుప్రీంకోర్టు 2024లో కొట్టివేయవలసివచ్చింది.

జయప్రకాశ్ సూచించిన మార్గాలలో కొన్ని ఆచరణకు లొంగలేదు. కొన్ని ఆయనే సవరించుకొన్నాడు. మార్క్సు నుండి గాంధీకి, పార్టీ నుండి పార్టీరహిత వ్యవస్థకు, మళ్ళీ అవసరం వచ్చినప్పుడు పార్టీల ఐక్యతకు సాగిన ఆయన ప్రస్థానాన్ని కొందరు చపలత్వమన్నారు. కాని గమ్యం ఒక్కటే. తన బ్రతుకును ప్రభావితం చేసే నిర్ణయంలో సామాన్యునికి భాగం ఉండాలన్నదే ఆ గమ్యం. వైద్యుడు రోగాన్ని నిర్దాక్షిణ్యంగా పరీక్షించేది రోగిని విడిచిపెట్టడానికి కాదు, బ్రతికించడానికి. ప్రజాస్వామ్యం పట్ల లోకనాయకుని వైఖరి అటువంటిది. దాని లోపాలను ప్రశ్నించే స్వేచ్ఛ దానిలోనే లభిస్తుందని, ఆ స్వేచ్ఛను ముందుగా కాపాడుకొన్నవారే దానిని సంస్కరించుకోగలరని ఆయన జీవితం తెలియజేస్తున్నది.